పోలసాని ఇంకా అడవిలోనే

పోలసాని ఇంకా అడవిలోనే ఉంది. ఏడు వందల పైచిలుకు పేజీలు నడిచింది మహాతల్లి, చెప్పులు అరిగిపోయాయి, తర్వాత కాళ్లూ అరిగిపోయాయి, అయినా నల్లమల దాటలేదు. ఇక్కడేమో మద్దిలేటి నంద్యాల ఆస్పత్రి మూడో అంతస్తులో ఇనుప కుర్చీ మీద కూర్చుని, ఆ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, తెరవాలా వద్దా అని కొట్టుమిట్టాడుతున్నాడు. అట్ట మీద ఒక కోట, ఒక ఏనుగు, వెనక్కి తిరిగి చూస్తున్న ఒక ఆడమనిషి. ఏనుగు బొమ్మ వేసినవాడు జన్మలో ఏనుగును చూసి ఉండడని మద్దిలేటి మొదటిరోజే వెక్కిరించాడు, భార్య ఉమామహేశ్వరమ్మ వినిపించుకోలేదు. ఎదురుగా తలుపు, తలుపు మీద ఎర్ర లైటు. ఆ తలుపు వెనక ఉమామహేశ్వరమ్మ గొంతు కోస్తున్నారు. ఛ, అలా అనుకోకూడదు, ఆపరేషన్ చేస్తున్నారు, గొంతులో గడ్డ తీస్తున్నారు. ఎన్ని మంచి మాటలు వెతికినా కోసేది గొంతే కదా, అనుకుని అతను కాలు మీద కాలు వేసుకున్నాడు, తీసేశాడు, మళ్లీ వేసుకున్నాడు. పక్క కుర్చీలో ముసలాయన ఈ కాళ్ల కదలిక భరించలేక లేచి కిటికీ దగ్గరికి పోయాడు.

గడ్డ చెడ్డది కాదని పరీక్షల్లో తేలింది. ప్రాణానికి ఏ భయమూ లేదని డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది, మద్దిలేటి కూడా నవ్వాడు, ఆ నవ్వుతోనే మెట్లు దిగాడు, మెట్ల మలుపులో ఆమె చెప్పిన రెండో మాట వచ్చి మీద పడింది. గడ్డను ఆనుకునే మాట నరం ఉందట. వెంట్రుకంత నరం. దాన్ని తప్పించి తీయాలట, ఎంత జాగ్రత్తపడ్డా ఒక్కోసారి గొంతు బొంగురుపోతుందట, ఒక్కోసారి రాకుండానూ పోతుందట. చాలా తక్కువమందికి అలా అవుతుంది, ఊరికే చెప్తున్నాను అంది. తక్కువమంది అంటే ఎవరో ఒకరు ఉంటారు కదా, ఆ ఒకరు ఎవరో ఒకరి ఇంట్లోనే ఉంటారు కదా. నిన్నటినుంచి ఇదే తిరుగుతోంది బుర్రలో. ముప్ఫై ఏళ్లుగా ఆ గొంతు తగ్గించు, తగ్గించు అని పోరు పెట్టినవాడు తనే. ఆళ్లగడ్డలో వాళ్ల ఇల్లు హైవే పక్కన, పెరట్లో రాతిపని షెడ్డు. ఉమామహేశ్వరమ్మ పెరట్లో నిలబడి పిలిస్తే రోడ్డవతల టీకొట్టులో ఉన్నవాడు గ్లాసు దించి లేచి రావలసిందే, లారీలు అడ్డం పోతున్నా సరే. పెళ్లయిన కొత్తలో మద్దిలేటి వాళ్లమ్మ ఇరుగుపొరుగుతో గంట కట్టిన ఆవును తెచ్చుకున్నామని అనేది, అని నవ్వేది, ఆ నవ్వులో కోపం ఉందో ముద్దు ఉందో చచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. నీ గొంతు తగలెయ్య, అని ఎన్నిసార్లు అన్నాడో. ఎవరి దిష్టీ కాదు ఇది, తన నోరే తగిలింది. దేవుడు వింటూ ఉన్నాడేమో, ఈ ఒక్క మాటే వినాలా, ఇన్నేళ్లుగా వేరే ఎన్ని అడగలేదు.

ఎర్ర లైటు అలాగే ఉంది. నర్సు అనిత ఒకసారి బయటికి వచ్చింది, ఉదయం ఉమామహేశ్వరమ్మకు సూది వేసిన పిల్ల, మద్దిలేటి లేచి నిలబడ్డాడు, ఆమె ఇతని వైపు చూడకుండానే వెళ్లి మరో గదిలో దూరింది, అతను కూర్చున్నాడు. లేచినప్పుడు పుస్తకం కింద పడింది. అంత లావు పుస్తకం నున్నటి గచ్చు మీద పడితే ఎంత చప్పుడవుతుందో, హాలంతా తిరిగి చూసింది. గబుక్కున తీసి పేజీ మడత విడిపోయిందేమోనని వెతికాడు. లేదు, ఉంది, మూల మడిచి ఉంది. చివరి అధ్యాయం మొదటి పేజీ. అది మడిచింది ఉమామహేశ్వరమ్మ, నిన్న మధ్యాహ్నం, షంషున్నీసా ఎంత బతిమాలినా వినకుండా.

షంషున్నీసాది పక్క ఇల్లు. వీళ్ల వరండాలో మిషను వేసుకుని జాకెట్లు కుడుతుంది, వెలుతురు ఇక్కడ బాగుంటుందని. వాళ్ల ఆయన బాబ్జాన్ ఈ షెడ్లోనే మద్దిలేటితో కలిసి విగ్రహాలకు పాలీషు పెడతాడు. ఆమె చిన్నప్పుడు చదివింది ఉర్దూ, తెలుగు అక్షరాలు రావు. టీవీ చూస్తే కుట్టు తప్పుతుంది, చెవులైతే ఖాళీయే కదా వదినా, ఏమన్నా చదువు అని ఒకరోజు ఉమామహేశ్వరమ్మను పట్టుకుంది. ఈమె లైబ్రరీకి పోయి అక్కడున్న వాటిలో అన్నిటికంటే లావుపాటి పుస్తకం ఎత్తుకొచ్చింది. ఎందుకంత లావుది అంటే, ఊరికే ఊరికే పోయి మార్చుకోవాల్సిన పని ఉండదని. చీర కొన్నా అంతే, మన్నుతుందా లేదా అని చూస్తుంది తప్ప రంగు చూడదు. వానల్లో మొదలుపెట్టింది, చలికాలం వచ్చినా అవలేదు. మధ్యాహ్నం తిండి అయ్యాక వరండాలో మిషను టకటక, దాని మీదుగా ఈమె గొంతు, గోడకు ఇవతల షెడ్లో మద్దిలేటి కటింగ్ మిషను రొద. మొదట్లో విసుక్కున్నాడు. ఆ కాలం మాటలేంది, దండనాయకులేంది, పద్దెనిమిది పేటల కోటేంది, బువ్వ పెడతాయా అన్నాడు. ఎప్పుడు చెవి అటు తిరిగిందో అతనికే తెలియదు. శత్రువుల దండు కోటను చుట్టుముట్టిన రోజు, బావుల్లో నీళ్లు అడుగంటిన రోజు, ఆ రోజు కటింగ్ మిషను ఆపాడు. బాబ్జాన్ తలెత్తి చూశాడు. ఏందన్నా ఆపినావు అంటే బ్లేడు కాలిందిలే అన్నాడు. మర్నాడు కూడా బ్లేడు కాలింది. తర్వాత రోజూ ఆ వేళకు బ్లేడు కాలడం మొదలుపెట్టింది, బాబ్జాన్ మర్యాదస్తుడు కాబట్టి బ్లేడు గురించి మళ్లీ అడగలేదు, తనూ పాలీషు గుడ్డ పక్కన పెట్టి గోడకు ఆనుకుని కూర్చునేవాడు.

కథ ఏమంటే, ఎర్రదుర్గం అని ఒక కోట, దాని కావలిదారుడి కోడలు పోలసాని. కోటలోంచి రాజుగారికి ఒక వార్త పోవాలి. తాటాకు మీద రాసి పంపితే పట్టుబడుతుంది, మగవాళ్లను పంపితే తల తెగుతుంది. అందుకని ముసలి కావలిదారుడు ఆ వార్తను పోలసాని చెవిలో చెప్పాడు. అంతే, ఆమె ఆ మాట నోట్లో పెట్టుకుని అడవి దారి పట్టింది. పులులు, దొంగలు, చెంచుల గూడేలు, ఒక వాగు, ఇంకో వాగు, జ్వరం. రోజూ పడుకునేముందు ఆ మాటను పెదవులతో చప్పుడు లేకుండా అనుకుంటుంది, మరిచిపోతానేమోనని. ఆ మాట ఏమిటో పుస్తకం రాసినాయన చెప్పడు. ఏడు వందల పేజీలు చెప్పడు. ఆయన్ను పట్టుకుని అడిగేవాళ్లు లేరు కాబట్టి సరిపోయింది. నీళ్లయిపోయినాయని అయ్యింటాది, ఇంకేముంటాది అంటుంది షంషున్నీసా. కాదు, లోపల ద్రోహి ఎవరో వాడి పేరై ఉంటుందని బాబ్జాన్. మద్దిలేటి మాత్రం పైకి ఏమీ అనలేదు, అంటే వింటున్నట్టు ఒప్పుకున్నట్టు అవుతుంది కదా. లోపల మాత్రం ఒకటి అనుకున్నాడు, ఆ ముసలాయన రాజుగారికి ఏమీ చెప్పి పంపలేదు, కోడలిని కోట దాటించడానికే ఆ ఉపాయం పన్నాడు, ఏదో పిచ్చి మాట చెవిలో వేసి పంపాడు అని. ఒకరోజు రాత్రి అన్నం తింటూ ఇది ఉమామహేశ్వరమ్మతో అనేశాడు, నోరు జారి. ఆమె ముద్ద చేతిలోనే పెట్టుకుని అతన్ని చాలాసేపు చూసింది. అయితే బ్లేడు కాలడం లేదన్న మాట, అంది. దొరికిపోయాడు. ఆ తర్వాత ఆమె గోడవైపు తిరిగి కూర్చుని చదివేది, కొంచెం గట్టిగా.

అదీ సంగతి. ఎవరికీ చెప్పలేదు గాని, ఈ పుస్తకంలో పోలసాని గొంతు ఉమామహేశ్వరమ్మ గొంతే. రాజు గొంతూ అదే, పులి గాండ్రింపూ అదే. ఇప్పుడు దాన్ని ఒళ్లో పెట్టుకుంటే ఏదో నిద్రపోతున్న పిల్లను పెట్టుకున్నట్టు ఉంది, కదిలిస్తే లేస్తుందేమో, లేవకపోతే ఏమిటో. మద్దిలేటి టైము చూశాడు. ఇందాక చూసినప్పటికి ఇప్పటికి ముల్లు కదిలిందో లేదో తెలియలేదు. రెండు గంటలు పడుతుందన్నారు, రెండు గంటలు ఎప్పుడో అయిపోయాయి. ఎక్కువసేపు పడుతోందంటే ఆ నరం దగ్గర ఉన్నారన్న మాట. వెంట్రుకంత నరం. రాతిలో సన్నపు జీర వస్తే మద్దిలేటి ఊపిరి బిగబట్టి సుత్తి మీద వేళ్లు వదులు చేస్తాడు, ఆ డాక్టరమ్మ కూడా వేళ్లు వదులు చేసిందా, ఉదయం టిఫిన్ తినిందా, ఇంట్లో ఎవరితోనన్నా పోట్లాడి వచ్చిందా. పోట్లాడి వచ్చినరోజు తన ఉలి జారడం మద్దిలేటికి తెలుసు. ఆ ఆలోచన ఇంక సాగనివ్వకుండా లేచాడు, నీళ్ల కుళాయి దాకా పోయాడు, దాహం లేదు, తిరిగి వచ్చాడు.

నిన్న సాయంత్రం ఆ పని ఎందుకు చేశాడు. అసలు బాధ అక్కడుంది, మిగిలినదంతా దాని చుట్టూ తిరగడమే. వాళ్ల షెడ్లో తాతల కాలం నుంచి ఒక అలవాటు ఉంది. ఇంట్లో మనిషి దూరం పోతున్నా, ఆస్పత్రికి పోతున్నా, చేతిలో ఉన్న రాయికి ఒక దెబ్బ మిగల్చాలి. ఒక్కటే. అన్నీ అయిపోయిన విగ్రహమైనా సరే, ఒక గీత, ఒక గోరు, ఒక మువ్వ, ఏదో ఒకటి వదిలేయాలి. పోయిన మనిషి ఇల్లు చేరాకే ఆ దెబ్బ వేయాలి. మిగిలిన పని మనిషిని వెనక్కి లాగుతుందని వాళ్ల నమ్మకం. నమ్మకమో, చేతకానితనమో, ఏదైతేనేం, ఎవరూ తప్పలేదు. తప్పింది మద్దిలేటి నాయన ఒక్కడే. కర్నూలు పెద్దాస్పత్రికి పోయేముందు కూర్చుని కూర్మానికి చివరి గోరు కూడా చెక్కి, ఉలి కడిగి, గూట్లో పెట్టి పోయాడు. తిరిగి రాలేదు. రానని తెలిసే చెక్కాడో, చెక్కాడు కాబట్టే రాలేదో, ఆ ముక్క మద్దిలేటి ఇన్నేళ్లుగా నములుతూనే ఉన్నాడు.

ఇవన్నీ ఉమామహేశ్వరమ్మకు తెలుసు. అందుకే నిన్న మధ్యాహ్నం పుస్తకం మూల మడిచి షెడ్లోకి వచ్చి, నువ్వు ఆ నందికి ఒక దెబ్బ మిగలబెట్టప్పా, నేను దీనికి ఒక అధ్యాయం మిగలబెడతాండా, వచ్చినాక ఇద్దరం ముగిద్దాం అంది. నవ్వుతూనే అంది. ఆ నంది దొర్నిపాడు వాళ్లది, శివాలయానికి. అంతా అయింది, మెడ కింద గంట మీద ఒక్క గీత మిగిలింది. సరేలే మ్మేయ్ అన్నాడు మద్దిలేటి. సాయంత్రం ఆమె లోపల సంచి సర్దుకుంటోంది, చీరలు, పళ్లపొడి, దుప్పటి, ఒక్కొక్కటి సంచిలో పెడుతూ పైకి అనుకుంటోంది, ఆమెకు ఏదీ మనసులో అనుకోవడం రాదు. ఆ గొంతు వినిపిస్తోంది. రేపు ఈ వేళకు ఈ గొంతు ఉంటుందా అని ఒక్కసారి అనిపించింది, అంతే, చేతులు నిలవలేదు. కొందరు కలతగా ఉంటే తింటారు, కొందరు అరుస్తారు, మద్దిలేటి చేతులు ఉలి వెతుక్కుంటాయి. ఉత్తగా నంది మెడ తుడుద్దామని కూర్చున్నాడు. గంట అంచు కొంచెం గరుకుగా ఉందనిపించి సరిచేశాడు. సరిచేస్తూ సరిచేస్తూ, బుర్ర ఇంట్లో చీరల మధ్య ఉండగా, చెయ్యి తన దారిన తను పోయి ఆ గీత గీసేసింది. గీశాక తెలిసింది. బాబ్జాన్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఏమీ అనకూడదనుకున్నట్టుగా నిలబడి, చివరికి, మిగలబెట్టలేదే అన్నా, అన్నాడు. మద్దిలేటి నంది మీద గోనెపట్టా కప్పాడు. ఉమామహేశ్వరమ్మకు చెప్పలేదు. రాతికి దెబ్బ వేస్తే వేసినట్టే, వెనక్కి తీసుకునే పని కాదు, అంత పని నేర్చిన చేతికి అదొక్కటే చేతకాదు.

పొద్దున బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. శిరివెళ్ల దాటాక కొండలు బాగా కనిపించాయి, మంచులో నీలంగా. పోలసాని ఆడనే యాడో ఉంటాది అంది, పక్కింటి మనిషి గురించి చెప్పినట్టు. నిన్నటి నుంచి తిండి లేదు పాపం ఆయమ్మకు. నీకూ లేదు కదా అన్నాడు మద్దిలేటి, ఆపరేషన్ అని రాత్రి నుంచి ఏమీ తిననివ్వలేదు. ఆమె నవ్వింది. నవ్వి, ఆ గోనెపట్టా యాలప్పా నంది మీద అని అడిగింది. దుమ్ము పడకుండా అన్నాడు. రాతిపని షెడ్లో దుమ్ము పడకుండా! ఇంతకంటే మంచి అబద్ధం దొరకలేదా అని ఇప్పుడు తనను తాను తిట్టుకుంటున్నాడు. ఆమె అతని ముంజేతి వైపు చూసింది, కిటికీ వైపు తిరిగింది. లోపలికి తీసుకుపోయేముందు పుస్తకం అతని చేతికిచ్చి, ఇంటికి తీసుకొని పోయినా గాని ఆఖరు అధ్యాయం ముట్టుకోవద్దు, నేనొచ్చి సదువుతా అంది. ఆ వాక్యాన్ని ఇప్పటికి వందసార్లు విన్నాడు తలలో. నేనొచ్చి సదువుతా. అందులో గొంతు కొంచెం గరుకుగా ఉంది, ఉదయం లేవగానే ఉండే గరుకు. అదే ఆఖరుదైతే? అది ఆఖరి మాటైతే కనీసం మంచి మాటే, తిట్టు కాదు, ఎందుకులే ఇలాంటి లెక్కలు.

చివరికి తెరిచాడు. ముట్టుకోనని మాట ఇచ్చాడు, ఇచ్చిన మాటలన్నీ ఎలాగూ తప్పుతూనే ఉన్నాడు, ఇంకొకటి. కాదు, అందుకు కాదు, గొంతు వినాలనిపించింది. ఆ అక్షరాలు చూస్తే ఆమె చదువుతున్నట్టు వినిపిస్తుందని అనుకున్నాడు. వినిపించింది కూడా. ‘తెల్లవారుజామున పోలసాని కొండ అంచుకు చేరింది. దిగువన చీకటిలో దివ్వెలు కనబడ్డాయి. అవి చుక్కలు కావని, రాజుగారి దండు విడిసిన పాళెమని ఆమెకు వెంటనే తోచలేదు.’ అదిగో, ఉమామహేశ్వరమ్మ గొంతు, దివ్వెలు దగ్గర కొంచెం సాగదీస్తుంది, ఊపిరి తీసుకుంటుంది, మిషను టకటక ఆగుతుంది, షంషున్నీసా చేరిపోయిందా వదినా అంటుంది. రెండో పేరా. మూడో పేరా. పోలసాని కొండ దిగుతోంది, నాలుక పిడచగట్టుకుపోయింది, మాట బయటికి వస్తుందో రాదోనని అనుమానం పుట్టింది ఆమెకు. ఆ వాక్యం దగ్గర గొంతు ఆగిపోయింది. మద్దిలేటి తలలో ఆగిపోయింది. మళ్లీ చదివాడు, రాలేదు. ఈ మాటను ఉమామహేశ్వరమ్మ ఎలా అంటుంది? పిడచ, పిడచగట్టుకు... ఎలా అంటుందో తెలియడం లేదు. ముప్ఫై ఏళ్లు విన్న గొంతు, పొద్దున విన్న గొంతు, ఎక్కడికి పోయింది? కాగితం మీద నల్లటి అక్షరాలు మిగిలాయి, ఎవరో ఉలి పట్టి గీసినట్టు, మూగగా. గబగబా పేజీలు తిప్పాడు, ఎక్కడన్నా మళ్లీ దొరుకుతుందేమోనని, వార్త ఏమిటో తెలిస్తే ప్రాణం నెమ్మదిస్తుందేమోనని, తిప్పి తిప్పి చివరి పేజీకి వచ్చి పడ్డాడు. చివరి పేజీ సగమే ఉంది. కిందుగా ఒకే ఒక్క వాక్యం, విడిగా. అదే, పోలసాని చెప్పే మాట. కళ్లు దాని మీద వాలేలోపు బొటనవేలు పెట్టి మూసేశాడు.

వేలు తీయలేదు. ఉలి పట్టి పట్టి మొద్దుబారిన వేలు అది, చాలా వెడల్పు, వాక్యం మొత్తం దాని కిందికి వచ్చింది. ఇదొక్కటే మిగిలింది. నంది పోయింది. ఇల్లంతా వెతికినా సగంలో ఉన్న పని ఇంకొకటి లేదు, పోపుల డబ్బా దగ్గర్నుంచి అన్నీ సర్ది వచ్చింది ఆమె. ఈ ఒక్క వాక్యం చదివేస్తే ఆమెను వెనక్కి లాగేది ఏదీ ఉండదు. పిచ్చి ఆలోచన అని తెలుసు. వెంట్రుకంత నరానికీ అచ్చులో ఉన్న వాక్యానికీ ఏం సంబంధం. తెలుసు. తెలిసినా వేలు తీయలేదు. తీసి చూడాలని ఉంది, చూస్తే ఈ వేధింపు ఆగుతుందని ఉంది, ఇందాక కిటికీ దగ్గరికి పోయిన ముసలాయన మళ్లీ వచ్చి పక్కన కూర్చుని ఏం పుస్తకమప్పా అని అడిగాడు, మద్దిలేటికి వినిపించలేదు.

ఫోను మోగింది. ఎడమచేత్తో తీశాడు, కుడిచెయ్యి పుస్తకంలోనే ఉంది. షంషున్నీసా. ఆపరేషన్ అయిందా అని అడిగింది, కాలేదన్నాడు. ఆమె వెనక మిషను చప్పుడు లేదు, వాళ్ల వరండా అంత నిశ్శబ్దంగా ఉండటం మద్దిలేటి ఎప్పుడూ వినలేదు.

"ఆయన ఒక మాట చెప్పమన్నాడన్నా," అంది షంషున్నీసా. "నందికి ఎడమ డెక్క కాడ పాలీషు పెట్టలేదంట. వదిన వచ్చేదాకా పెట్టనంటాండాడు. దొర్నిపాడు వాళ్లు బండి తెచ్చినా అంతేనంట."

పాలీషు ఉలి దెబ్బ కాదు కదా, అనుకున్నాడు మద్దిలేటి. తాత ఒప్పుకోడు, నాయన నవ్వుతాడు. అయినా సరేమ్మా అని ఫోను పెట్టేశాడు. పెట్టేశాక, బాబ్జాన్‌కు ఒక మాట చెప్పి ఉండాల్సింది అనిపించింది, ఏం మాటో తెలియలేదు. తల ఎత్తేసరికి తలుపు మీద లైటు లేదు. ఎప్పుడు ఆరిందో. ఇంతసేపు దాన్నే చూస్తూ కూర్చున్నవాడు సరిగ్గా ఆరేటప్పుడు చూడలేకపోయాడు.

డాక్టరమ్మ టోపీ తీసి బయటికి వచ్చింది, నుదురు మీద గీత పడి ఉంది, అలసిపోయి ఉంది, మంచి మనిషే. గడ్డ మొత్తం వచ్చేసిందంది. నరం తెగలేదంది. కానీ బాగా పక్కకు జరపాల్సి వచ్చిందట, వాచిందట, గొంతు వస్తుందనే అనుకుంటున్నామట, వారాలు పట్టొచ్చట, నెలలు పట్టొచ్చట, ఇప్పుడు మాత్రం మాట్లాడించొద్దట. అనుకుంటున్నాం అన్న మాట దగ్గరే మద్దిలేటి నిలబడిపోయాడు. ఆమె ఇంకా ఏదో చెప్పింది, మందుల గురించి. తల ఊపాడు. పుస్తకంలోంచి వేలు తీయలేదు, మంచం దాకా అలాగే నడిచాడు.

ఉమామహేశ్వరమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. మెడ చుట్టూ తెల్లటి కట్టు, దాని మీద ముఖం చిన్నదైపోయింది. ఇతన్ని చూసి నోరు కదిపింది. గాలి వచ్చింది, మాట రాలేదు. మళ్లీ కదిపింది. మళ్లీ గాలి. ఆమె కళ్లలోకి భయం రావడం మద్దిలేటి చూశాడు, ఇన్నేళ్లలో పాము కనబడ్డా ఆమె భయపడలేదు, కర్ర తెమ్మని ఊరంతా వినబడేలా అరిచింది. వద్దు మ్మేయ్, మాట్లాడొద్దంట, నరం బాగుందంట, వస్తాదంట అన్నాడు. అన్నాడు గాని నాలుక మీద ఇంకొకటి ఉంది, అది చెప్పకుండా వేరేది ఏదీ బయటికి వచ్చేలా లేదు.

"నందిని ముగించేసినా," అన్నాడు. "చెయ్యి నిలవలే. నిన్ననే అయిపోయె."

ఆమె చాలాసేపు చూసింది. కోప్పడితే బాగుండు, ఆ కోపం ఎలా ఉంటుందో అతనికి వినాలని ఉంది, వీధి చివరిదాకా వినబడే కోపం. ఆమె సూది గుచ్చిన చెయ్యి మెల్లగా లేపి అతని ముంజేతి మీద పెట్టింది, వెంట్రుకల్లో ఇంకా తెల్లగా రాతిదుమ్ము ఉన్నచోట, బస్సులో చూసిన చోటే. వేలితో తుడిచింది. అప్పుడు అర్థమైంది, పొద్దుననే తెలుసు ఆమెకు. తెలిసే పుస్తకం ఇచ్చింది. తర్వాత ఆమె రెండు అరచేతులూ కలిపి, తెరిచి చూపించింది. పుస్తకం. చదువు.

మద్దిలేటి జన్మలో ఎవరికీ ఏదీ చదివి వినిపించలేదు. కుర్చీ లాక్కున్నాడు. ఆమె అతని జేబులో ఫోను వైపు వేలు చూపించింది, షంషున్నీసాకు చేశాడు, స్పీకరు పెట్టి దిండు మీద పెట్టాడు. చివరి పేజీలోంచి వేలు తీస్తూ కళ్లు మూసుకున్నాడు, మడత పేజీకి వచ్చి కళ్లు తెరిచాడు, మొదలుపెట్టాడు. ఘోరంగా చదివాడు. దివ్వెలు దగ్గర ఆగాల్సిన చోట ఆగలేదు, దండనాయకుడు అన్న మాట రెండుసార్లు తడబడ్డాడు, కామాలకు ఊపిరి పీల్చి చుక్కలకు మింగాడు. ఫోనులో షంషున్నీసా ఊఁ ఊఁ అంటోంది, వెనక నుంచి బాబ్జాన్ దగ్గు. అనిత సెలైను మార్చడానికి వచ్చి, మార్చేశాక కూడా నిలబడింది. గబగబా పోతే ఉమామహేశ్వరమ్మ వేలితో మంచం మీద తట్టింది, నిదానం అని. నిదానించాడు. పిడచగట్టుకుపోయిన నాలుక దగ్గర ఆమె తట్టలేదు, కళ్లు మూసుకుంది, అతను ఆ వాక్యాన్ని తన మొద్దు గొంతుతో, కష్టంగా, దాటాడు. పోలసాని పాళెంలోకి వచ్చింది. భటులు అడ్డుకున్నారు, వదిలారు. రాజుగారు గుడారంలోంచి బయటికి వచ్చారు, ఆ చినిగిన చీరను, ఆ కాళ్లను చూశారు. ‘ఏమి వార్త తెచ్చినావు తల్లీ?’ ఫోనులో ఊఁ కూడా ఆగిపోయింది. పేజీ తిప్పుతూనే మద్దిలేటి బొటనవేలు తన చోటికి పోయి కూర్చుంది.

"‘పోలసాని నోరు తెరిచింది,’" అని చదివి ఆగాడు.



"ఏమనిందన్నా?" అంది షంషున్నీసా.

"అది మీ వదిన సదువుతాది."

"ఆమె ఎప్పటికి సదువుతాదో ఏమో, నువ్వే చెప్పన్నా."

"నాకూ తెల్దు. నేను సూడలే."

ఉమామహేశ్వరమ్మ అతని వేలును చూసింది. చెయ్యి చాచి దాన్ని పట్టుకుంది. లాగేస్తుంది, ఆమెకు ఓపిక ఎక్కడిది, సినిమాకు పోతే చివర ఏమవుతుందో పక్కవాళ్లను ముందే అడిగే మనిషి, అనుకున్నాడు మద్దిలేటి. ఆమె లాగలేదు. ఆ వాక్యం మీద అతని వేలును ఇంకా గట్టిగా అదిమింది, ఒక్క అక్షరం కూడా బయటికి కనబడకుండా. కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి జారిపోతున్నాయి, పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేకుండా, ఏదో మరిచిపోకూడని మాటను అనుకుంటున్నట్టు. మద్దిలేటి ఆ పెదవులనే చూస్తూ కూర్చున్నాడు, వేలు తీయకుండా. దిండు మీద ఫోనులో షంషున్నీసా పెద్దగా ఊపిరి వదిలింది, సరే రానీలే వదినను, అంది ఎవరితోనో. కాసేపటికి అక్కడ కుట్టుమిషను మొదలైంది.